ఐదో అమ్మాయి ఎక్కడ? - చదరంగ ఒలింపియాడ్‌లో స్త్రీల జట్టు

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి గృహహింస కేసుల గురించి, భూమి పట్టాల గురించి, పొదుపు సంఘాల అప్పుల గురించి మాట్లాడుకుంటున్నాం. వాటి మధ్యలోకి చదరంగం ఎందుకు వచ్చిందని కొందరికి అనిపించి ఉంటుంది. భోజనాల దగ్గర ఒకరు నన్ను సూటిగానే అడిగారు, "అది తీరిక ఉన్నవాళ్ళ ఆట కదా మేడమ్" అని. నిజమే, తీరిక ఉన్నవాళ్ళ ఆటే. ఒక్క ఆట నాలుగైదు గంటలు సాగుతుంది. ఆ నాలుగైదు గంటలూ ఎవరూ పిలవకుండా, పొయ్యి మీద ఏమీ పెట్టకుండా, చంటిపిల్ల ఏడుపు వినపడకుండా కూర్చోవాలి. అలా కూర్చునే హక్కు మన ఇళ్ళలో ఎవరికి ఉంది, ఎవరికి లేదు? ఈ ప్రశ్న మనది కాకపోతే మరెవరిది?

ఇంకో కారణం కూడా ఉంది. పరుగు పందెంలో, బరువులెత్తడంలో స్త్రీలకు వేరే పోటీ ఎందుకని అడిగితే శరీరాన్ని చూపిస్తారు. చదరంగంలో చూపించడానికి శరీరం లేదు. బల్ల, రెండు కుర్చీలు, ఒక గడియారం, అంతే. అయినా ఆ ఆటలోనూ స్త్రీలకు వేరే విభాగం ఉంది, వేరే బిరుదులు ఉన్నాయి, వేరే బహుమతి సొమ్ము ఉంది. పితృస్వామ్యానికి శరీరం సాకు కూడా దొరకని చోట అది ఏం చెబుతుందో చూడాలంటే చదరంగం కంటే మంచి చోటు లేదు.

చదరంగం గురించి స్త్రీల సభల్లో మాట్లాడేవాళ్ళు సాధారణంగా, బల్ల మీద అన్నిటికన్నా బలమైన పావు రాణి అని మొదలుపెడతారు. నేను ఆ పోలిక తీసుకురాను. మన ఇళ్ళలో ఆ పావుని మంత్రి అంటారు. మన భాషలో ఆ బల్ల మీద ఆడది లేనే లేదు. ఆ సంగతి అలా ఉంచుదాం.

చెస్ ఒలింపియాడ్ అనేది దేశాల జట్ల మధ్య పోటీ. ఇప్పుడు రెండేళ్ళకోసారి జరుగుతుంది. ప్రతి జట్టులో ఐదుగురు ఉంటారు. ఒక్కో రౌండులో నలుగురు నాలుగు బోర్డుల మీద ఆడతారు, ఒకరు విశ్రాంతి తీసుకుంటారు. రెండు విభాగాలు: ఒకటి ఓపెన్, రెండోది మహిళలది. ఓపెన్ అంటే అందరికీ తెరిచి ఉన్నదని అర్థం, నిబంధనల ప్రకారం స్త్రీలు కూడా అందులో ఆడవచ్చు. కానీ మన పత్రికలు దాన్ని పురుషుల జట్టు అనే రాస్తాయి. రాయడం తప్పు కావచ్చు గాని, చూస్తే అక్కడ కనిపించేది అదే.

2024 సెప్టెంబర్ 22న బుడాపెస్ట్‌లో భారతదేశానికి రెండు విభాగాల్లోనూ స్వర్ణం వచ్చింది. స్త్రీల జట్టులో ద్రోణవల్లి హారిక, వైశాలి, దివ్యా దేశ్‌ముఖ్, వంతికా అగ్రవాల్, తానియా సచ్‌దేవ్. ఎనిమిదో రౌండులో పోలండ్ చేతిలో ఓడి, తొమ్మిదో రౌండులో అమెరికాతో సమానమై, చివరి రౌండులో అజర్‌బైజాన్‌ని మూడున్నర - అరతో గెలిచి, కజకిస్తాన్ కంటే ఒక్క పాయింటు ముందు నిలిచారు. పత్రికలన్నీ ఐదుగురి ఫొటో వేశాయి. నేను మాట్లాడదలుచుకున్నది ఆ ఐదు అనే సంఖ్య గురించే.

ఒక్క మేధావిని తయారు చేయడానికి ఒక మొండి తండ్రి చాలు. ఉద్యోగం వదిలేసి కూతురికి ఆట నేర్పే తండ్రులు ఉన్నారు, వాళ్ళని నేను తక్కువ చేయను. కానీ ఐదుగురిని తయారు చేయడానికి తండ్రులు చాలరు. ఐదుగురు కావాలంటే ఐదు వందల మంది ఆడుతూ ఉండాలి. అంత మంది ఆడాలంటే బళ్ళలో బల్లలుండాలి, ప్రయాణాలకు డబ్బుండాలి, అమ్మాయి రాత్రి రైల్లో వెళ్ళి రావడానికి ఎవరో తోడుండాలి, పదో తరగతి రాగానే "ఇక ఆటలు చాలు" అనే మాట వెనక్కి పోవాలి. స్త్రీల ఒలింపియాడ్ చేసిన పని, ప్రపంచంలో ప్రతి దేశం చదరంగ సంఘం ముందూ ఒక ఖాళీ జాబితా పెట్టి, "ఇందులో ఆడవాళ్ళ పేర్లు రాయండి" అని అడగడం. ఒక పేరు రాసి తప్పించుకోవడానికి వీలు లేదు.

ఈ జాబితాలో ఎన్ని గళ్ళుండాలనే దానికి ఒక చరిత్ర ఉంది. అది నాకు చాలా ఆసక్తికరంగా అనిపిస్తుంది.

1927లో లండన్‌లో మొదటి అధికారిక ఒలింపియాడ్ జరిగింది. దేశానికి నాలుగు బోర్డులు. ఆడినవాళ్ళందరూ మగవాళ్ళే. అదే సమయంలో, అదే ఊళ్ళో స్త్రీలకు వ్యక్తిగత పోటీ ఒకటి పెట్టారు. దాన్ని గెలిచి వేరా మెన్చిక్ మొదటి మహిళా ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. మాస్కోలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనిషి. 1939 వరకు ఒలింపియాడ్‌ల పక్కన జరిగిన ఈ పోటీలన్నిటినీ ఆమే గెలిచింది. 1929లో కార్ల్స్‌బాడ్ టోర్నమెంటుకి ఆమెను పిలిచినప్పుడు ఆల్బర్ట్ బెకర్ అనే మాస్టరు ఎగతాళి చేశాడు: ఆమె చేతిలో ఓడినవాళ్ళందరినీ వేరా మెన్చిక్ క్లబ్బులో చేర్చాలని. మొదట చేరినవాడు ఆయనే. తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన మాక్స్ యూవే కూడా ఆ క్లబ్బులో సభ్యుడే. ఆమె 1944లో లండన్ మీద పడిన జర్మన్ బాంబుకు చనిపోయింది. ఇప్పుడు ఒలింపియాడ్‌లో గెలిచిన స్త్రీల జట్టుకిచ్చే కప్పు ఆమె పేరు మీదే ఉంది. అయితే ఆమె ఎన్నడూ ఒక దేశపు జట్టులో కూర్చుని ఒలింపియాడ్ ఆడలేదు. పక్క గదిలో ఆడింది.

ఆ కాలంలోనే మన ఉపఖండం నుంచి వచ్చిన ఒకామె కథ ఉంది, ఎక్కువమందికి తెలియదు. పంజాబు జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారంలో ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకరు సుల్తాన్ ఖాన్, ఇంకొకరు మిస్ ఫాతిమా అని రికార్డుల్లో కనిపించే పరిచారిక. ఇంటి పేరు లేదు, ఊరు లేదు, "మిస్ ఫాతిమా" అంతే. సుల్తాన్ ఖాన్ 1930, 1931, 1933 ఒలింపియాడ్‌లలో ఇంగ్లండ్ జట్టుకి మొదటి బోర్డు ఆడాడు. ఫాతిమా 1933లో హేస్టింగ్స్‌లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్‌షిప్ గెలిచింది. యజమాని ఇండియాకి తిరిగి వచ్చాడు, ఇద్దరి ఆటా ఆగిపోయింది. ఇద్దరూ పరాధీనులే. కానీ అతనికి కూర్చోవడానికి ఒక జట్టు అయినా ఉంది. ఆమెకు ఏ దేశంలోనూ జట్టు లేదు. పనిమనిషిగా పరాధీన, స్త్రీగా ఇంకో మెట్టు కింద. వర్గం, జెండర్ ఎలా కలిసి పనిచేస్తాయని మనం శిక్షణా తరగతుల్లో బోర్డు మీద గీతలు గీసి చెబుతాం. ఫాతిమా కథ చెబితే గీతలు అక్కర్లేదు.

1950లో దుబ్రోవ్నిక్‌లో ఫ్రాన్స్ జట్టు తరఫున షాంతాల్ షోదె ద సిలాన్ అనే ఆమె మగవాళ్ళతో కలిసి ఒలింపియాడ్ ఆడింది. జట్టులో కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. ఏడేళ్ళ తర్వాత, 1957లో, నెదర్లాండ్స్‌లోని ఎమ్మెన్‌లో స్త్రీలకు విడిగా ఒలింపియాడ్ పెట్టారు. 21 దేశాలు వచ్చాయి. జట్టుకి ఎన్ని బోర్డులో తెలుసా? రెండు. మగవాళ్ళకు నాలుగు, ఆడవాళ్ళకు రెండు. 1970ల మధ్యలో మూడు అయ్యింది. నాలుగు కావడానికి 2008లో డ్రెస్డెన్ దాకా ఆగాలి. రెండు నుంచి నాలుగుకు రావడానికి యాభై ఒక్క ఏళ్ళు పట్టింది. 1972లో స్కోప్యే వరకు రెండు పోటీలూ ఒకే చోట ఒకే సమయంలో జరగను కూడా లేదు.

బోర్డుల సంఖ్య చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక్కసారి సంఘం కార్యదర్శి బల్ల ముందు కూర్చుని ఆలోచించండి. రెండు బోర్డులున్నప్పుడు దేశం మొత్తం మీద ఇద్దరు, మహా అయితే ముగ్గురు ఆడవాళ్ళుంటే చాలు. ఏ క్లబ్బు మెంబరు భార్యో, ఏ మాస్టరు చెల్లెలో సరిపోతుంది. ఆడవాళ్ళ కోసం శిక్షణ శిబిరం పెట్టాల్సిన పని లేదు. నాలుగు బోర్డులు, ఒక అదనపు మనిషి అన్నప్పుడు ఆ లెక్క కుదరదు. ఎక్కడెక్కడి నుంచో వెతకాలి. 2022లో చెన్నై దగ్గర మామల్లపురంలో జరిగిన ఒలింపియాడ్‌కి 160కి పైగా స్త్రీల జట్లు వచ్చాయి, 2024లో బుడాపెస్ట్‌కి 180కి పైగా. చదరంగానికి పేరేమీ లేని చిన్న చిన్న దేశాలు కూడా ఐదుగురు అమ్మాయిలను విమానం ఎక్కించాయి. వాళ్ళలో చాలామంది ప్రతి రౌండూ ఓడిపోయి ఉంటారు. నాకు వాళ్ళే ముఖ్యం. ఐదో అమ్మాయి అంటే ఆమె. ఆమె హంపి కాదు, కావాల్సిన అవసరం లేదు. ఆమె ఉంటేనే మిగతా నలుగురిదీ జట్టు అవుతుంది.

ఇప్పుడు విడి విభాగం గురించి. "స్త్రీలకు వేరే పోటీ పెట్టడమంటే వాళ్ళ బుద్ధి తక్కువని ఒప్పుకోవడమే కదా" అని మన స్త్రీవాద మిత్రులే అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. దీన్ని అందరికంటే గట్టిగా అడిగింది హంగరీ క్రీడాకారిణి జూడిట్ పోల్గార్. ఆమె అడగడానికి కారణాలున్నాయి. 1986లో అంతర్జాతీయ సమాఖ్య, అంటే ఫిడే, ఆడుతున్న స్త్రీలందరికీ రేటింగులో వంద పాయింట్లు కలిపింది, జూడిట్ అక్క జుజాకి తప్ప. ఆమె మగవాళ్ళతో ఆడుతోంది కాబట్టి ఆమె రేటింగు సరిగానే ఉందట. దాంతో స్త్రీలలో మొదటి స్థానం ఆమె చేతి నుంచి జారిపోయింది. వేరు చేయడం ఎలా శిక్షగా మారుతుందో దీన్ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. 1988లో థెస్సలొనీకీలో ముగ్గురు పోల్గార్ అక్కచెల్లెళ్ళు, ఇల్డికో మాడ్ల్ కలిసి, అప్పటి దాకా పాల్గొన్న ప్రతిసారీ స్వర్ణం తీసుకుపోయిన సోవియట్ జట్టుని వెనక్కి నెట్టారు. జూడిట్‌కి అప్పుడు పన్నెండేళ్ళు, పదమూడు ఆటల్లో పన్నెండున్నర పాయింట్లు. 1990లో మళ్ళీ గెలిచారు. ఆ తర్వాత జూడిట్ స్త్రీల విభాగంలో ఆడనే లేదు. ఓపెన్ జట్టులో ఆడి 2002లో, 2014లో హంగరీకి రజతం తెచ్చింది. 2005లో ప్రపంచంలో ఎనిమిదో ర్యాంకు. లక్ష్యాన్ని తగ్గించి పెడితే ఆడపిల్లలు ఆ తగ్గించిన చోటే ఆగిపోతారని ఆమె వాదన.

బిరుదుల విషయంలో ఆమె మాటే సరైనది. గ్రాండ్‌మాస్టరుకి 2500 రేటింగు కావాలి, మహిళా గ్రాండ్‌మాస్టరుకి 2300 చాలు. ఆ "మహిళా" అనే విశేషణం ముందు గౌరవంలా కనిపించి తర్వాత గోడ అవుతుంది. సొమ్ము సంగతి సరే సరి. 2023లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ బహుమతి నిధి ఇరవై లక్షల యూరోలైతే మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ది ఐదు లక్షలు.

కానీ జట్టు విషయంలో నేను జూడిట్‌తో ఏకీభవించను. ఆమె విజయాన్ని తీసుకునే చెబుతాను. 1988 నాటి ఆ నలుగురిలో ముగ్గురు ఒకే ఇంటి పిల్లలు. తండ్రి లాస్లో సిద్ధాంతం గురించి పుస్తకాలున్నాయి, తల్లి క్లారా శ్రమ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, ఆ సంగతి మనకి కొత్త కాదు. ఆ జట్టుని దేశం తయారు చేయలేదు, ఒక ఇల్లు తయారు చేసింది. 1990 తర్వాత హంగరీ స్త్రీల జట్టుకి మళ్ళీ స్వర్ణం రాలేదు. దీని పక్కన జార్జియాని పెట్టి చూడండి. నోనా గాప్రిందాష్‌విలి 1962 నుంచి 1978 దాకా ప్రపంచ ఛాంపియన్, ఆమె నుంచి బిరుదు గెలుచుకున్న మాయా చిబుర్దనిద్జె 1991 దాకా. ఇద్దరూ జార్జియన్లే. సోవియట్ యూనియన్ పోయాక జార్జియా 1992, 1994, 1996లలో వరసగా మూడుసార్లు, మళ్ళీ 2008లో గెలిచింది. అక్కడ పెళ్ళికూతురికి పుట్టింటివాళ్ళు ఇచ్చే సామానులో చదరంగం బల్ల కూడా ఉండేదని చెప్పుకుంటారు. మన దగ్గర బీరువా, మంచం, బిందెలు. అయితే సామాను వల్ల ఛాంపియన్లు రారు. సోవియట్ కాలంలో పిల్లల క్లబ్బులుండేవి, జీతం ఇచ్చి పెట్టుకున్న శిక్షకులుండేవాళ్ళు, ఒక తరం స్త్రీలు తర్వాతి తరానికి నేర్పారు. చైనా స్త్రీల జట్టు 1998లో మొదటి స్వర్ణం గెలిచింది, వాళ్ళ పురుషులకు అది 2014 దాకా దొరకలేదు. డబ్బు, శిక్షణ ఎటు పోతే ఫలితం అటు పోతుంది.

2009లో జర్మనీ చదరంగ సమాఖ్య జాబితాలోని లక్షా ఇరవై వేల మంది ఆటగాళ్ళ రేటింగులతో ఒక పరిశోధన వచ్చింది. అక్కడ ఒక స్త్రీకి పదహారు మంది పురుషులున్నారు. అత్యుత్తమ స్త్రీలకూ అత్యుత్తమ పురుషులకూ మధ్య కనిపించే తేడాలో 96 శాతం ఆ సంఖ్యల తేడాతోనే వివరించవచ్చని వాళ్ళు తేల్చారు. పెద్ద గుంపులో అతి పొడగరి ఉండే అవకాశం ఎక్కువ, అంతే. ఆ లెక్క వేసిన తీరు మీద తర్వాత విమర్శలు కూడా వచ్చాయి. ఎంత శాతమనే దాని మీద వాదించుకోవచ్చు గాని, లెక్కపెట్టకుండానే "ఆడవాళ్ళ బుర్ర అంతే" అనే హక్కు ఎవరికీ లేదు.

పంచాయతీల్లో రిజర్వేషన్ వచ్చినప్పుడు మనం విన్న మాటలు గుర్తు చేసుకోండి. "ప్రత్యేక సీట్లు ఎందుకు, సత్తా ఉంటే మామూలు సీట్లో గెలవొచ్చు కదా" అన్నారు. గెలిచిన సర్పంచ్ బదులు మొగుడు కుర్చీలో కూర్చున్నప్పుడు నవ్వారు. మనం అప్పుడు సీటు వద్దనలేదు, కుర్చీలోంచి మొగుణ్ణి లేపమన్నాం. స్త్రీల జట్టు విషయంలోనూ నేను అదే అంటాను. అన్నట్టు, 2022లోనూ 2024లోనూ మన మొదటి స్త్రీల జట్టుకి కెప్టెన్ పురుషుడే. గ్రాండ్‌మాస్టర్, సమర్థుడు, ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. ఓపెన్ జట్టుకి స్త్రీ కెప్టెన్‌గా ఉన్న ఫొటో మాత్రం మనకి ఇంకా దొరకలేదు.

తలుపు దానంతట తెరుచుకోలేదు. 1976లో పదమూడేళ్ళ రోహిణీ ఖాడిల్కర్ మన జాతీయ పురుషుల ఛాంపియన్‌షిప్‌లో ఆడింది. ఓడినవాళ్ళు గొడవ చేశారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. చివరికి ఫిడే అధ్యక్షుడు, ఆ పాత మెన్చిక్ క్లబ్బు సభ్యుడు యూవేనే, స్త్రీలను జాతీయ, అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్‌ల నుంచి మినహాయించడానికి వీల్లేదని చెప్పాడు. రోహిణి, ఆమె అక్కలు వాసంతి, జయశ్రీ, ముగ్గురూ జాతీయ మహిళా ఛాంపియన్లు. మళ్ళీ ఒక ఇంటి కథే. మన దేశంలోనూ మొదట్లో ఇళ్ళే జట్లను మోశాయి.

మన తెలుగు ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరి సంగతి మీకు తెలుసు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయ్యింది, జూడిట్ రికార్డుని మూడు నెలల తేడాతో దాటింది. గుంటూరు అమ్మాయి హారిక 2011లో అయ్యింది. ఆ తర్వాత మూడో భారతీయ స్త్రీ కోసం పన్నెండేళ్ళు ఆగాల్సి వచ్చింది, 2023 చివర్లో వైశాలి. 2025 జులైలో దివ్య ప్రపంచ కప్ ఫైనల్లో హంపిని ఓడించి గ్రాండ్‌మాస్టరయినప్పుడు ఆమె దేశంలో 88వ గ్రాండ్‌మాస్టరు, స్త్రీలలో నాలుగో మనిషి. ఎనభై ఎనిమిదిలో నలుగురు. రెండు స్వర్ణాలు వచ్చిన ఏడాది తర్వాత పరిస్థితి ఇది.

చెన్నై ఒలింపియాడ్‌లో హారిక నిండు గర్భిణి, తొమ్మిదో నెల. మొదటి జట్టులో హంపి, వైశాలి, తానియా, భక్తి కులకర్ణిలతో కలిసి ఆడింది. చివరి రౌండు దాకా మనవాళ్ళే ముందున్నారు, అమెరికా చేతిలో ఒకటి - మూడుతో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నారు. అదే నెలలో ఆమెకు పాప పుట్టింది. పత్రికలు ఆమె దీక్షను వేనోళ్ళ పొగిడాయి. నాకూ ఆమె మీద గౌరవమే. కానీ ఆ పొగడ్తల ధోరణి నన్ను ఇబ్బంది పెట్టింది. కడుపుతో ఉన్న మనిషి పొలంలో నాట్లు వేస్తే, ఇటుక బట్టీలో పనిచేస్తే ఎవరూ దీక్ష అనరు, గతిలేనితనం అంటారు. ఇక్కడేమో త్యాగమయి అంటారు. రెండు చోట్లా అడగనిది ఒకటే: ఆమె ఆడగలిగే ఏర్పాట్లు ఎవరు చేశారు, ఆడకూడదనుకుంటే ఆమె స్థానం ఆమె కోసం ఉండేదా? హంపి 2017లో తల్లయ్యాక విరామం తీసుకుని 2018 బటూమి ఒలింపియాడ్‌తో తిరిగి వచ్చింది. 2019లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యింది, 2024లో మళ్ళీ. ఆమె తిరిగి రాగలిగిందంటే ఇంట్లో బిడ్డను చూసుకునే మనుషులు ఉన్నారు కాబట్టి. ఐదో అమ్మాయికి వాళ్ళు ఉన్నారా? మనల్నీ అడుగుతున్నాను. గౌరవవేతనం పేరుతో మండలాల్లో తిరిగే మన కార్యకర్తలకు ఎన్ని సంస్థల్లో ప్రసూతి సెలవు ఉంది? ఇక్కడ కూర్చున్న డైరెక్టర్లు నాకు తర్వాత చెప్పినా ఫర్వాలేదు.

జాతీయ జట్టు అనగానే ఇంకో బరువు కూడా మీద పడుతుంది, దేశం పేరు. 2018లో ఇరాన్‌లోని హమదాన్‌లో ఆసియా జట్ల పోటీ ఉన్నప్పుడు, తప్పనిసరిగా తల కప్పుకోవాలన్న నిబంధన తనకు సమ్మతం కాదని సౌమ్యా స్వామినాథన్ మన జట్టు నుంచి తప్పుకుంది. ఇరాన్ క్రీడాకారిణి సారా ఖాదెమ్ 2022 చివర్లో అల్మాటీలో ముసుగు లేకుండా ఆడింది, తర్వాత స్పెయిన్‌లో స్థిరపడి 2024 ఒలింపియాడ్‌లో స్పెయిన్ జట్టులో కూర్చుంది. అంతకుముందు ఇరాన్‌లో మహిళల ప్రపంచ పోటీ పెట్టినప్పుడు బహిష్కరించాలని బయటివాళ్ళు పిలుపునిస్తే, మా ఊళ్ళో మాకు దొరికే ఒక్క అవకాశాన్ని పోగొట్టకండని అక్కడి క్రీడాకారిణులే కొందరు అన్నారు. ఈ రెండు గొంతులనూ వినాలి. ముసుగు ఒకవైపైతే బజారు ఇంకోవైపు. 2021లో ఫిడే మహిళల చదరంగానికి ప్రాయోజకులను తెచ్చింది, ఎవరిని? రొమ్ముల ఇంప్లాంట్లు తయారుచేసే కంపెనీని. 2024 జనవరిలో దివ్య బహిరంగంగా రాసింది, తను ఎంత బాగా ఆడినా చూసేవాళ్ళు తన బట్టల గురించి, జుట్టు గురించి, ఉచ్చారణ గురించే మాట్లాడుతున్నారని. అప్పుడామెకి పద్దెనిమిదేళ్ళు. అంతకు ముందు ఏడాది ఫ్రాన్స్‌లో క్రీడాకారిణులు చదరంగంలో లైంగిక వేధింపుల గురించి బహిరంగ లేఖ విడుదల చేశారు. శరీరం లేని ఆట అన్నాను మొదట్లో. శరీరాన్ని వాళ్ళే తెచ్చి బల్ల మీద పెడుతున్నారు.

ఇక ఏం అడగాలి? దీనికి జవాబు ఒకసారి ఆచరణలోనే దొరికింది, అయితే అది కరోనా పుణ్యం. 2020లో అందరూ ఇళ్ళలో ఉండిపోయినప్పుడు ఒలింపియాడ్‌ని ఆన్‌లైన్‌లో పెట్టారు. రెండు విభాగాలు నడపడం కష్టమని ఒకే జట్టు చేశారు: ఆరు బోర్డులు, ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. సగానికి సగం. 160కి పైగా దేశాలు ఒప్పుకుని ఆడాయి. సెమీఫైనల్లో పోలండ్‌తో రెండు మ్యాచ్‌ల తర్వాత సమానమైతే, తేల్చే ఒక్క ఆట ఆడడానికి కూర్చున్నది హంపి. ఆమె గెలిచింది, దేశం ఫైనల్‌కి వెళ్ళింది. ఫైనల్లో ఇంటర్నెట్ తెగిపోయి నిహాల్ సరిన్, అప్పటికి పద్నాలుగేళ్ళ దివ్య ఆటలు మధ్యలో ఆగిపోతే, రష్యాకీ మనకీ కలిపి స్వర్ణం ఇచ్చారు. ఆ నెల రోజులూ ఆడవాళ్ళు ఆడగలరా అని ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళ బోర్డు మీద అర పాయింటు పోతే మగవాళ్ళ పతకం పోతుంది మరి. ఫెడరేషన్లు ఒక్కసారిగా అమ్మాయిల మీద శ్రద్ధ పెట్టాయి. కరోనా తగ్గాక, 2022లో, మళ్ళీ పాత పద్ధతి.

పాత పద్ధతిలోనే ఆ ఆలోచన తాలూకు చిన్న నీడ ఉంది. రెండు విభాగాల ఫలితాలూ కలిపి ఇచ్చే ట్రోఫీ ఒకటుంది, దానికి గాప్రిందాష్‌విలి పేరే పెట్టారు. మన దేశం 2022లోనూ 2024లోనూ దాన్ని గెలిచింది. ఎంతమంది విన్నారు? పత్రికల్లో ఒక వాక్యం. ఆ గాప్రిందాష్‌విలి గురించి ఒక నెట్‌ఫ్లిక్స్ సీరియల్లో, ఆమె ఎన్నడూ మగవాళ్ళతో ఆడలేదని ఒక డైలాగు పెట్టారు. ఆమె అప్పటికే ఎందరో మగవాళ్ళని ఓడించిన మనిషి. ఎనభై ఏళ్ళ వయసులో 2021లో కోర్టుకెక్కింది, 2022లో వాళ్ళు రాజీకి వచ్చారు.

బుడాపెస్ట్ తర్వాత జాతీయ సమాఖ్య రెండు జట్ల ఆటగాళ్ళకూ సమానంగా తలా 25 లక్షలు ప్రకటించింది. మంచి విషయం, మెచ్చుకోవాలి. గెలిచినవాళ్ళకి సమానత్వం ఇవ్వడం సులువే. గెలవక ముందు సంగతి మన జిల్లాల్లో చూడాలి. ఏ జిల్లా టోర్నమెంటుకైనా వెళ్ళండి. తొమ్మిదేళ్ళ లోపు విభాగంలో అమ్మాయిలు కిటకిటలాడుతుంటారు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని తల్లులు వరండాలో. పదిహేనేళ్ళ విభాగానికి వచ్చేసరికి గది పలచబడుతుంది. అక్కడ మరుగుదొడ్డి ఉందా, గడియ ఉందా చూడండి. శిక్షకుల్లో ఒక్క స్త్రీ అయినా ఉందేమో చూడండి. ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో గోడ మీద రాసి ఉందేమో చూడండి.

మీ మీ జిల్లా చదరంగ సంఘాలకు సంస్థ తరఫున ఉత్తరం రాయమని నా ప్రతిపాదన. జిల్లా జట్టులో సగం బోర్డులు అమ్మాయిలవి కావాలని, కలిపి ఆడించాలని, ప్రయాణం ఖర్చు, తోడు వచ్చే మనిషి ఖర్చు సంఘమే భరించాలని. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఐదేసి బల్లలు పెట్టించడానికి పెద్ద ప్రాజెక్టేమీ అక్కర్లేదు. ఒక బల్ల, పావులు కలిపి మన ఒక్క సమావేశం ఫ్లెక్సీ ఖర్చు కూడా కాదు. ఉత్తరం నమూనా ఒకటి రాసి తెచ్చాను, వెనక బల్ల మీద ఉంది. చదివి, మీ జిల్లాకి తగ్గట్టు మార్చుకోండి. ప్రశ్నలకి ఇంకా అరగంట ఉంది. వెనక వరుసలో కూర్చున్నవాళ్ళు ముందు అడగండి.